అధికారం ఊరి పేరైపోతే

పాలకొండ దాటి సీతంపేట వైపు బస్సెక్కేవాళ్లు ‘ఏజెన్సీకి వెళ్తున్నాం’ అంటారు. సంతలో అనాసలు కుప్పపోసి అమ్మేవాళ్లు ‘ఏజెన్సీ సరుకు’ అంటారు. పత్రికల నిండా ఏజెన్సీ జ్వరాలు, ఏజెన్సీ రోడ్లు, ఏజెన్సీ బళ్లు. ఈ మాట వినగానే కొండ, అడవి, గెడ్డ కళ్లముందు మెదులుతాయి గానీ, ఏజెంటు ఎవరు, ఎవరి తరఫున వచ్చాడు అన్న ప్రశ్న ఎవరికీ పుట్టదు. జవాబు 1839 నాటి 24వ చట్టంలో ఉంది. పర్లాకిమిడి వైపు తిరుగుబాట్లు ఆగకపోవడంతో కుంపిణీ ప్రభుత్వం 1832 చివర జార్జి రసెల్‌ను ప్రత్యేక కమిషనరుగా పంపింది. చివరకు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి కలెక్టర్లకు అప్పగించారు. శిస్తు వసూలు, తగవు తీర్చడం, శిక్ష వేయడం అన్నీ ఒక్క చేతిలోకి వచ్చాయి. ఆ చేతికి పెట్టిన హోదా ‘గవర్నరుకు ఏజెంటు’. ఆ ఏజెంటు పాలనకు పెట్టిన పేరు కొన్నాళ్లకు కొండకు అంటుకుంది. అధికారాన్ని సూచించే ఇంగ్లిషు మాటను తెలుగు చేసేవాళ్లు ముందు ఈ కథ చదవాలని నా వాదన. దీనికి సమానమైన పదం ఏదని నిఘంటువు అడుగుతుంది. అనువాదకుడు ఇంకో రెండు అడగాలి: ఈ అధికారం ఎవరిచ్చారు, పుచ్చుకున్నవాడు ఎవరికి జవాబుదారీ. ఆ రెండూ జారిపోయాక మిగిలేది ఊరి పేరే.

అధికారం ఇలా నేలలోకి ఇంకిపోవడం మన దగ్గరే జరగలేదు. అరబ్బీలో విలాయా అంటే పెత్తనం, సంరక్షణ భారం. ఆ పెత్తనం నడిచే రాష్ట్రానికీ అదే పేరొచ్చింది. పారశీకం, ఉర్దూ దాటి మన దాకా వచ్చేసరికి అదే విలాయతి అయి, దొరల దేశపు సరుకుకు విశేషణంగా మిగిలింది. రష్యన్‌లో వ్లాస్త్ అంటే అధికారం. దాని తోబుట్టువు వోలొస్త్, జారు కాలంలో కొన్ని రైతు పల్లెల్ని కలిపి పాలించిన విభాగం పేరు. శ్రీకాకుళం చికాకోల్ సర్కారుగా ఉన్న రోజుల్లో సర్కారు అంటే ప్రభుత్వమూ అదే, అది ఏలే నేలా అదే. ఉత్తర సర్కారులన్న పేరు అలా పుట్టింది. ఫౌజుదార్ల కచేరీల నుంచి హుకుం, తాఖీదు, ఇలాకా, తాలూకా ఊళ్లలోకి దిగాయి. అరబ్బీ మూలంలో తాలూకాకు అర్థం తగులుకుని ఉండటం, సంబంధం. మన జనం దాన్ని మళ్లీ ఆ మూలార్థానికే తీసుకెళ్లారు: పెళ్లింట్లో ‘మీరు ఎవరి తాలూకు?’ అని అడిగితే అందులో తహసీల్దారు కనబడడు. హుకుం కూడా పళ్లూడిన పులిలా అయింది. ఇవాళ ‘హుకుం జారీ చేశాడు’ అంటే అందులో భయం కన్నా వెటకారమే ఎక్కువ.

ఇంగ్లిషులో అథారిటీ అన్న మాట మరీ దొంగది. పెత్తనానికీ అదే, పెత్తనం చేసే ఆఫీసుకూ అదే, ఒక శాస్త్రంలో నలుగురూ నమ్మే పండితుడికీ అదే. దీన్ని అరబ్బీ, రష్యన్ అనువాదకులు ఎలా విడగొట్టారో చూడటానికి 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టాల ఒడంబడిక మంచి ఆధారం. అంతర్జాతీయ సముద్ర గర్భాన్ని చూసుకోవడానికి అది ఒక అథారిటీని పెట్టింది; కార్యాలయం జమైకాలోని కింగ్‌స్టన్‌లో. మధ్య హిందూ మహాసముద్రంలో లోహపు గడ్డల అన్వేషణకు మన దేశం ఒప్పందం చేసుకున్నదీ దానితోనే. అరబ్బీ పాఠం ఆ సంస్థను సుల్తా అంది. మన చరిత్ర పుస్తకాల సుల్తాన్ కూడా ఆ ధాతువు బిడ్డే. రష్యన్ పాఠం ఓర్గాన్ అంది, అంటే ఒక అంగం. ఒకదాంట్లో పాలించే శక్తి కనిపిస్తే, రెండోదాంట్లో పెద్ద శరీరం చెప్పినట్టు కదిలే అవయవం కనిపిస్తుంది. ఒడంబడిక ప్రకారం ఆరు భాషల పాఠాలూ సమాన ప్రామాణ్యం ఉన్నవే, కాబట్టి ఏదీ నకలు కాదు. రష్యన్‌కు వ్లాస్త్ ఎందుకు పనికిరాలేదంటే, అందులో రాజ్యాధికారపు బరువుంది. చూడటానికి దగ్గరగా ఉన్న అవ్తొరితెత్ మనిషి పరపతిని చెప్పే మాట; పైగా ఇవాళ్టి రష్యన్ పత్రికల్లో నేరముఠాల పెద్దను కూడా అవ్తొరితెత్ అనే అంటారు! పాలస్తీనా అథారిటీ అరబ్బీలో సుల్తా, రష్యన్‌లో మాత్రం అద్మినిస్త్రాత్సియా. అరబ్బీ వాళ్లు కూడా అన్నిచోట్లా సుల్తా వాడరు. సూయెజ్ కాలువ అథారిటీ వాళ్లకు హయా, అంటే ఒక మండలి. కాలువ నడిపేవాళ్లకు పాలకుల పేరు ఎందుకివ్వాలి మరి?

చట్టంలో ఒక మాటకు ఒకే మాట ఉండాలి, లేకపోతే కోర్టులో గల్లంతే అని న్యాయశాఖ అనువాదకులు అంటారు. ఒకే చట్టం లోపల ఆ నియమం సబబే. అన్ని చట్టాలకూ కలిపి ఒకే ముద్ర చేయించుకోవడం దగ్గరే నా పేచీ. ఆ ముద్ర ఇప్పుడు ‘ప్రాధికార సంస్థ’. ఆధార్ కార్డు మీద అదే, పట్టణాభివృద్ధి సంస్థల బోర్డుల మీదా అదే. ఆ ‘ప్ర’ ఏం పనిచేస్తోందో నాకు ఇప్పటికీ బోధపడలేదు. దీనికన్నా న్యాయ సేవాధికార సంస్థ అన్న పేరు నయం. పేద కక్షిదారు దాన్ని ‘సేవ పొందే అధికారం’ అని విడగొట్టుకున్నా, ఆ పొరపాటు ఆయనకు మేలే చేస్తుంది. సంస్కృతంలో అధికారానికి అర్హత అన్న అర్థం బలంగా ఉంది. వేదాంతంలో అధికారి అంటే ఆ విద్యకు తగినవాడు. హిందీ ఆ దారిలో వెళ్లి ప్రాథమిక హక్కుల్ని కూడా అధికార్ అంటోంది. తెలుగు మాత్రం అరబ్బీ హక్కును జనం వైపుకు, సంస్కృత అధికారాన్ని కుర్చీ వైపుకు పంచేసింది. ఈ పంపకం తెలుగు అనువాదకుడికి దొరికిన పెద్ద సదుపాయం. ఏ వైపు నిలబడి అంటున్నాడో ఒక్క మాటతో తేల్చవచ్చు. పండితుడి సంగతికొస్తే ప్రమాణం, ప్రామాణికుడు అన్న పాత మాటలు ఉండనే ఉన్నాయి.

అసలు అనువాదమెందుకు, అథారిటీ అనే రాస్తే పోదా అనేవాళ్లది ఇంకా గట్టి అభ్యంతరం. హుకుం అరిగింది, తాలూకా అరిగింది, ఏజెన్సీ కూడా అరిగింది. మూలం తెలియనంత మాత్రాన ఎవరికేం నష్టం? తాలూకా విషయంలో ఒప్పుకుంటాను, దాని వెనక ఉన్న పెత్తనం పోయింది గనక. ఏజెన్సీ వెనక ఉన్నది పోలేదు. కొండ జాతుల భూమి బయటివాళ్లకు బదిలీ కావాలంటే ఏజెంటు అనుమతి ఉండాలని 1917 చట్టం చెప్పింది. చట్టం పుస్తకంలో ఉండగానే భూములు షావుకార్ల చేతికి పోయాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్న కాల్పుల్లో చనిపోవడం, ఆపై రగిలిన శ్రీకాకుళ గిరిజన పోరాటం వెనక ఉన్న పెద్ద కారణాల్లో అదొకటి. ఈ భూముల బదిలీ మీదే వచ్చిన 1959 నిబంధనను గట్టి చేస్తూ, వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే సవరణ వచ్చింది 1970లో. ఆ నిబంధనలోనూ ఏజెంటు ఉన్నాడు. కొండమీద భూమి తగవు నడిచేది ఇప్పటికీ ఆ హోదా కిందే. 2022లో ఇక్కడి కొత్త జిల్లాకు పార్వతీపురం మన్యం అని పేరు పెట్టినా బస్టాండులో మాత్రం ఏజెన్సీయే. అంటే మాట అరిగింది, అది మోసిన ఏర్పాటు మాత్రం చెక్కుచెదరలేదు.

అరువు మాటలన్నింటినీ ఒకే గాటన కట్టను. తీసుకునేవాళ్లు ఎలా తీసుకున్నారన్నది చూడాలి. గంజాం కొండల సవరలు సాహెబు అన్న మాటను తీసుకుని, తమ భాషలో ఆత్మలకు, దేవతలకు వాడే సుమ్ అన్న మాటను దానికి చేర్చి, సాహిబోసుమ్ అనే దేవతను చేసుకున్నారు. పర్యటనకొచ్చే అధికారులూ వాళ్ల వెంట వచ్చే జబ్బులూ తమ జోలికి రాకుండా దానికి కొయ్య బొమ్మలు నిలబెట్టేవారని మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన సవర మత గ్రంథంలో నమోదు చేశాడు. దొర ఎక్కడి నుంచి వస్తాడు, వస్తే ఏం జరుగుతుంది, ఏం చేస్తే పోతాడు, మొత్తం ఆ ఒక్క పేరులో ఉంది. ఏజెన్సీ అన్న మాటను మైదానపు తెలుగువాళ్లం ఇంత మెలకువగా తీసుకోలేదు.

ఇది పాత చరిత్ర తవ్వుకోవడానికి చెబుతున్నది కాదు. 2006 అటవీ హక్కుల చట్టం ఆరో సెక్షన్‌లో అథారిటీ అన్న మాట మళ్లీ వచ్చింది: అడవి మీద వ్యక్తుల హక్కులు, ఊరి ఉమ్మడి హక్కులు ఏమిటో, ఎంత మేరకో తేల్చే పని మొదలుపెట్టే అథారిటీ గ్రామసభ. ఇక్కడ ‘ప్రాధికార సంస్థ’ అని రాస్తే కురుపాం కొండల మనిషి పార్వతీపురంలో ఏ ఆఫీసో తెరిచారనుకుంటాడు. ‘మొదలుపెట్టే అధికారం గ్రామసభదే’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇందులో సంస్థ అన్న అర్థం పోయిందని ఎవరైనా పట్టుకోవచ్చు. గ్రామసభ అనగానే అది సంస్థేనని తెలుస్తూనే ఉంది, మళ్లీ చెప్పనక్కర్లేదు. అయితే ఉత్సాహంలో ‘సర్వాధికారం’ అనీ రాయకూడదు. తీర్మానం డివిజన్ కమిటీకి వెళ్తుంది, చివరి మాట జిల్లా కమిటీది. ఆ ‘మొదలుపెట్టే’ అన్నది ఎగిరిపోతే జనానికి లేని ధైర్యం ఇచ్చినట్టవుతుంది.

పని తెలుగుతో అయిపోదు. సవరలకు సవరలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1933లో ఇంగ్లిషు–సవర, 1938లో సవర–ఇంగ్లిషు నిఘంటువులు అచ్చులోకి తెచ్చారు. కాబట్టి పనిముట్లు లేవన్న సాకు చెల్లదు. ఈ సెక్షన్‌ను సవరలోకి మార్చేవాళ్లకు చేతికందే మొదటి మాట గమాంగ్, ఊరిపెద్ద. అది రాశారంటే చట్టం ఊరందరికీ ఇచ్చినదాన్ని ఒక్క మనిషికి కట్టబెట్టినట్టే. చట్టం చెప్పిన సభ ఊళ్లోని వయోజనులందరిదీ. 2012 సవరణ ప్రకారం అందులో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. లేకపోతే కోరం లేదు, తీర్మానమూ లేదు.