మూత వేసి తీసిన చిత్రములు

దామరచర్ల మండలమందలి వాడపల్లి కడ, మూసీ కృష్ణలో గలియు చోట, అగస్త్యేశ్వరాలయమునకు దిగువనున్న రేవున ట్రైపాడు నిలిపి, వైశాఖపు రాత్రులలో కెమెరాను దక్షిణమునకు మరలించినచో, ఏటి కావల దిగంతమునకు కొంత మీదుగా నొక మసక వెలుగు తెరపై పడును. అది ఒమెగా సెంటారీ. సుమారు 17,000 కాంతి సంవత్సరముల దూరమున, కోటి నక్షత్రములు కూడియున్న గోళాకార తారాగుచ్ఛము. గ్రీనిచ్ వారి కది యెన్నడు నుదయింపదు. మనకో, 25 డిగ్రీల యెత్తునకు వచ్చును. వీర్లపాలెము విద్యుత్కేంద్రపు దీపములు ఆకసమును తెల్లబరచుచున్నను, ఓపికగలవానికి చిక్కకపోదు.

ఓపిక యనగా కాంతిని కూడబెట్టుట. కంటి కా శక్తి లేదు. 1880 సెప్టెంబరు 30న హెన్రీ డ్రేపర్ మృగశిరలోని నీహారికను 51 నిమిషములపాటు పలకపై పడనిచ్చి తొలి చిత్రమును సాధించెను. మన హైదరాబాదున, 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాలవారు 8 అంగుళముల ఛాయాగ్రాహక దూరదర్శినితో అంతర్జాతీయ ఖగోళ పట నిర్మాణమున పాల్గొని, తమ వంతుకు వచ్చిన ఆకాశఖండములందలి లక్షలకొలది తారల స్థానములను గాజుపలకలపై కొలిచిరి. ఆ పథకమున పటమునకై తీయు పలకను మూడుమారులు కొంచెము జరిపి కాంతి సోకనిచ్చెడివారు: మూడు బిందువులుగా పడినది చుక్క, ఒంటరిగా పడినది పలకలోని దోషము. నేడు మేము నూరు చిత్రములను ఒకదానిపై నొకటి పేర్చుటయు నిదియే. మారుమారున కొకచోట మెరయు మచ్చలు సగటున అణగిపోవును, నిజమైన కాంతి పదిరెట్లు తేటపడును.

రంగుల విషయమున నా పట్టుదల వేరు. నీహారికలోని హైడ్రోజను వెలార్చు ఎరుపును సామాన్యపు కెమెరాలోని ఫిల్టరు చాలవరకు అడ్డగించును. మిగిలినదానిని హెచ్చించుట న్యాయమే కాని, లేనిదానిని పులుముట చిత్రలేఖనము, అది వేరొక విద్య.

ఒకనాటి రాత్రి, వలలు సర్దుకొనుచున్న జాలరి యొకడు, “మూత పెట్టి ఫోటో ఏం తీస్తున్నరు సారూ?” అని నవ్వెను. నవ్వదగినదే. కాని కెమెరా చీకటిలో తనంతట తానే కల్పించుకొను దొంగచుక్కల నట్లు పట్టి, అసలు చిత్రమునుండి తీసివేయవలెను. వేడి హెచ్చినకొలది అవియు హెచ్చును. ఒమెగా సెంటారీ మాకు చక్కగా కనబడునది మండువేసవియందే గనుక, మూత తీయకుండ గడచు సమయము మా రేవున తక్కువేమియు గాదు.