స్విఫ్టు నాలుగు తరములు

చిల్లకూరు చెంత, చెన్నై–కలకత్తా జాతీయ రహదారి ప్రక్కనున్న రేకుల షెడ్డులో, ఒక వృద్ధ మెకానిక్కు పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై ఉంచి, పిడిని చెవికానించి, కన్నులు మూసికొని వినుచుండగా నేనెన్నియో మారులు చూచితిని; నాడి పట్టు వైద్యునికిని ఈతనికిని నాకు భేదము తోపదు.

ఆతడట్లు వినిన బండ్లలో స్విఫ్టు తరములన్నియు గలవు. 2005లో మారుతి స్విఫ్టు మన దేశమున వెలువడినపుడు, కుటుంబమెల్ల కూర్చుండదగిన చిన్నకారు మలుపులలో కోడెదూడవలె ఉరుకుట మనకు క్రొత్త. 2007లో 1248 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజను చేరినది. దాని గరగరధ్వనిని, టర్బో అందుకొనుటకు ముందటి క్షణమాత్రపు జాప్యమును, అటుపిమ్మట ఒక్కపెట్టున వచ్చు ఊపును, ఈ దారిని నెల్లూరు పోయి వచ్చినవారు మఱవజాలరు. 2011లో రెండవ తరము; 2018లో మూడవది తేలికయైన కట్టడముతో వచ్చెను. 2020లో డీజిలు నిలిచిపోయినది. నాకది నేటికిని లోటే. 2024 నాటి నాల్గవ తరమున నాలుగు సిలిండర్లకు మారు మూడే; ఎయిర్‌బ్యాగులు మాత్రము అన్ని రకములకును ఆరు.

“మూడు సిలిండర్ల బండి నిలబడి ఉన్నప్పుడు సన్నగా వణుకుతాది సామీ, అది జబ్బు గాదు, దాని తీరే అంత” అని ఆ మెకానిక్కు నాకు బోధించినాడు. పొత్తము ముట్టకయే నాలుగు తరముల గుండెసవ్వడులను వేఱుపఱచు ఆ శ్రవణవిద్య ఎంత గొప్పది!

నిన్న మొదటి తరపు బండియొకటి వచ్చినది. తీరపు టుప్పుగాలికి అడుగురేకు త్రుప్పుపట్టగా, ఆతడు గోనెసంచిపై వెల్లకిల పరుండి, బొటనవ్రేలితో అంగుళమంగుళమును నొక్కి చూచుచు, గట్టిగానున్నచోట సుద్దముక్కతో గీత గీయుచుండెను.