తల అంటే తాను

కొత్త భాష మొదలుపెట్టినప్పుడల్లా ముందు శరీర భాగాల పేర్లు రాసుకుంటాను. తల, ముఖం, వెన్ను, కడుపు. ఏళ్లుగా నాకిదే అలవాటు. సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ 1968లో తీసిన ‘మందబి’ సినిమా చూశాక అందులో వినిపించే వోలోఫ్ భాష మీద మనసు పడింది. నోట్‌బుక్‌లో మళ్లీ అవే మాటలు రాసుకున్నాను. ఈసారి మాత్రం ఆ పేజీలోనే వ్యాకరణం దొరికింది.

వోలోఫ్‌లో ‘బొప్’ అంటే తల, ‘సమ బొప్’ అంటే నా తల. కానీ ‘గిస్ నా సమ బొప్’ అంటే నన్ను నేను చూసుకున్నాను అని. మనం ‘తాను’ అన్న సర్వనామంతో చెప్పేదాన్ని వాళ్లు తలతో చెబుతారు. పొరుగున ఉన్న ఫూలా భాషలోనూ, హౌసాలోనూ ఇదే పద్ధతి.

‘గిన్నావ్’ అంటే వీపు. ఇంటి గురించి చెబితే అదే ‘వెనుక’ అవుతుంది. ‘గిన్నావ్ లోలు’ అంటే ఆ తర్వాత. ‘గిన్నావ్’ ఒక్కటే వాక్యం మొదట్లో నిలిస్తే ‘కాబట్టి, కనుక’ల పని కూడా చేస్తుంది. ఒంటి మీది చోటు ముందు స్థలమైంది, తర్వాత కాలమైంది, చివరికి కారణమైంది. కడుపును చెప్పే ‘బీర్’ లోపల అయింది. ముఖాన్ని చెప్పే ‘కనమ్’ ఎదుట అయింది. ‘బ చి కనమ్’ అంటూ వీడ్కోలు చెప్పేవాడు మళ్లీ కలుద్దాం అంటున్నాడు.

ఇదంతా రాసుకుంటూ ఉంటే మన మాటలు కొత్తగా వినిపించాయి. ‘వెనుక’లో వెన్ను ఉంది. తృతీయా విభక్తి ‘చేత’లో చేయి ఉంది. ‘తలా ఒకటి’ అని పంచేటప్పుడు లెక్కపెట్టేది తలలనే. బడిలో విభక్తులు వల్లె వేశాం కానీ వాటిని తడిమి చూడలేదు.

ఆ పేజీలో నేను రెండు గీతలు గీసుకున్న మాట ఒకటుంది: ‘మోమ్ స బొప్’. ‘మోమ్’ అంటే సొంతం చేసుకోవడం. నీ తలను నువ్వే సొంతం చేసుకోవడం, అంటే నీకు నువ్వే యజమానివి కావడం. వోలోఫ్‌లో స్వాతంత్ర్యానికి వాడే మాట ఇదే. సెనెగల్ ఏటా ఏప్రిల్ 4న తన స్వాతంత్ర్య దినం జరుపుకుంటుంది. ఆ పెద్ద మాటను మోస్తున్నది పసిపిల్లలకు మొదట చూపించి నేర్పే చిన్న మాట.

భాష నేర్చుకోవాలనుకునే పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే. విభక్తుల పట్టిక తర్వాత చూడొచ్చు. ముందు తల, వెన్ను, కడుపు, చేయి పేర్లు అడిగి తెలుసుకోండి.