పలుకని పెట్టె, తొందరపడు చికిత్స

ఇంటిలోని కంప్యూటరు తెరపై "పరికరము స్పందించుట లేదు" అను వాక్యము కనబడినపుడు సామాన్యముగా జరుగునది ఒక్కటే. యజమాని లేచి పెట్టె వెనుకనున్న తీగను ఊడదీసి మరల తగిలించును. అప్పటికిని అది పలుకనిచో సన్నని పుల్లతో రీసెట్టు మీటను నొక్కును. పెట్టెతోపాటు లభించు చిన్న పుస్తకమున 'సమస్యలు, పరిష్కారములు' అను పుటలలో కూడ తరచుగా ఈ వరుసయే కానవచ్చును. ఈ పుటలు శాస్త్రీయ పద్ధతిని ఎంతవరకు అనుసరించుచున్నవి, ఎక్కడ దారి తప్పుచున్నవి అను విషయము విమర్శకు తగినది. ఏలయన ఇక్కడ తప్పిన దారికి మూల్యము ఒక కుటుంబము యొక్క ఇరువదియేండ్ల ఛాయాచిత్రములు కావచ్చును.

ఈ పెట్టెను 'నాస్' అని పిలుచుచున్నారు. నిజమునకు ఇది తెరయు, కీబోర్డును లేని ఒక చిన్న కంప్యూటరు. దీని లోపల ఒకటి గాని అంతకెక్కువ గాని హార్డు డిస్కులు, ఒక ప్రాసెసరు, కొంత మెమరీ ఉండును. చాలవాటిలో పనిచేయునది లినక్సు. ఇంటి రౌటరుకు ఒక తీగతో కలుపబడి, ఇంటివారి చిత్రములను, పత్రములను అది భద్రపరచి, అడిగిన కంప్యూటరుకు అందించుచుండును. ముఖము లేని యంత్రమగుటచే దాని క్షేమము తెలిసికొనుటకు నెట్‌వర్కును, ముందువైపునున్న నాలుగైదు చిన్న దీపములును తప్ప వేరు దారి లేదు.

ఇట్టి పుటలలోని మొదటి దోషము, 'స్పందించుట లేదు' అను మాటను ఒకే రోగలక్షణముగా గ్రహించుట. పిలిచిన మనిషి పలుకనిచో అతడు ఇంట లేకపోవచ్చును, నిద్రించుచుండవచ్చును, పేరు మార్చి పిలిచియుండవచ్చును, పిలిచిన భాష అతనికి రాకపోవచ్చును. మరణించియుండుట ఈ కారణములలో ఒకటి మాత్రమే. పెట్టె విషయమును అట్టిదే.

పేరు మారుట ఎట్లు జరుగునో చూడుడు. ఇంటిలోని ప్రతి పరికరమునకు రౌటరు ఒక చిరునామాను కొంత గడువునకు అద్దెకిచ్చును. ఈ ఏర్పాటునకు డి.హెచ్.సి.పి. అని పేరు, నేడు వాడుకలోనున్న దీని నియమావళి 1997లో వెలువడినది. రౌటరును మార్చినను, ఆపి వెలిగించినను పెట్టెకు వేరొక చిరునామా లభించవచ్చును. పెట్టె నిక్షేపముగా ఉన్నది; కంప్యూటరు మాత్రము పాత చిరునామాకే జాబులు వ్రాయుచున్నది. రౌటరు చిరునామా ఇయ్యనేలేకపోయినచో, అనేక పరికరములు 169.254తో మొదలగు ఒక చిరునామాను తమంత తామే పెట్టుకొనును. కంప్యూటరులో ఇట్టి సంఖ్య కనబడినచో పెట్టెను గాక రౌటరును, దాని తీగను ముందుగా అనుమానించవలెను. ఈ ఒక్క సంఖ్య చెప్పు కథను అనేక పుస్తకములు ప్రస్తావింపవు.

భాష రాకపోవుట ఇంకను విచిత్రమైనది. కంప్యూటరు ఈ పెట్టెలోని ఫైళ్లను అడుగుటకు వాడు భాషలలో ముఖ్యమైనది ఎస్.ఎం.బి. దాని మొదటి రూపమునందలి లోపమును ఆధారము చేసికొని 2017 మే నెలలో 'వానాక్రై' అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, ఆసుపత్రులను సైతము స్తంభింపజేసినది. ఆ సంవత్సరమే శరత్కాలమున వెలువడిన విండోసు 10 కూర్పునుండి ఆ పాత భాషను తనంత తానుగా అమర్చుటను మైక్రోసాఫ్టు సంస్థ మానివేసినది. పాత భాష మాత్రమే తెలిసిన పెట్టె, క్రొత్త కంప్యూటరు ముందు మూగది యగును. దానికి ఏ రోగమును లేదు. రీసెట్టు మీటను నూరుసార్లు నొక్కినను అది క్రొత్త భాష నేర్వదు. ఇది రోగమొకటి, మందొకటి అను సామెతకు చక్కని ఉదాహరణము.

నిద్రించుట మూడవది. కరెంటు హఠాత్తుగా పోయి వచ్చిన పిమ్మట పెట్టె తన డిస్కులను ఆమూలాగ్రముగా సరిచూచుకొనవచ్చును. ఎంత కాలము పట్టునో హైస్కూలు విద్యార్థియు లెక్కింపగలడు. 4 టెరాబైట్ల డిస్కును సెకండునకు 150 మెగాబైట్ల వేగముతో చదివినచో 40,00,000 మెగాబైట్లను 150చే భాగింపగా 26,667 సెకండ్లు, అనగా సుమారు ఏడు గంటల ఇరువదినాలుగు నిమిషములు. పది నిమిషములు వేచి, "ఇది చచ్చినది" అని మధ్యలో కరెంటు తీసివేయు యజమాని, కోలుకొనుచున్న రోగిని మంచముపైనుండి క్రిందికి లాగినవాడగును.

ఇక ప్రాణమున్నదో లేదో చూచు పరీక్షకు 'పింగ్' అని పేరు. అమెరికా సైన్యమునకు చెందిన ఒక ప్రయోగశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్ 1983 డిసెంబరులో ఈ ప్రోగ్రామును వ్రాసెను. జలాంతర్గాములను కనిపెట్టు సోనార్ యంత్రము చేయు ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టెను. ఒక చిన్న సందేశమును పంపి, ప్రతిధ్వని వచ్చునేమో చూచుట దీని పని. ప్రతిధ్వని వచ్చినచో తీగ, చిరునామా, దారి సరిగానున్నవని చాలవరకు రుజువు. రాకున్నచో ఏమి రుజువైనట్లు? ఏమియు కాలేదు. భద్రత కొరకు ఇట్టి సందేశములకు బదులీయకుండ నేడు అనేక పరికరములను అమర్చుచున్నారు. అనుకూల ఫలితమునకున్న బలము ప్రతికూల ఫలితమునకు లేదు. ప్రయోగశాలలో విద్యార్థులకు నేర్పు ఈ తర్కము చిన్న పుస్తకములో లోపించుట శోచనీయము.

దీపముల విషయమున తర్కము తలక్రిందులైనది. అచ్చట పచ్చదీపమును ఆరోగ్యమునకు రుజువుగా చెప్పుదురు. 2007లో గూగుల్ సంస్థ పరిశోధకులు పిన్‌హేరో, వెబెర్, బరోసో అనువారు లక్షకు పైబడిన డిస్కులను పరిశీలించి ఒక పత్రము ప్రకటించిరి. డిస్కు తన్ను తాను పరీక్షించుకొని వెల్లడించు సూచనలలో అతి బలమైన నాలుగింటిని తీసికొని చూడగా, చెడిపోయిన డిస్కులలో 56 శాతమునకు పైగా అందు ఏ ఒక్క హెచ్చరికయు ఇయ్యకయే చెడిపోయినవని తేలినది. అయినను ఆ సూచనలు వ్యర్థములు కావు. చదువుటలో మొదటి పొరపాటును చూపిన డిస్కు, అట్టి పొరపాటు లేని డిస్కుకంటె తరువాతి 60 దినములలో చెడుటకు 39 రెట్లు ఎక్కువ అవకాశము కలదని అదే పత్రము తెల్పుచున్నది. కావున ఎఱ్ఱదీపమును నమ్మవలెను. పచ్చదీపమును చూచి నిశ్చింతగా ఉండరాదు.

రెండవ దోషము మొదటిదానికంటె గురుతరమైనది. ఈ పుటలు ఉపాయములను సులభమైనది ముందు, కష్టమైనది తరువాత అను వరుసలో కూర్చుచున్నవి. మీట నొక్కుట సులభము గనుక ముందు వచ్చును. కాని శాస్త్రజ్ఞుడు అడుగవలసిన ప్రశ్న ఏది సులభమని కాదు. ఏది చేసిన తరువాత వెనుకకు రాలేమని. పైగా 'రీసెట్టు' అను ఒక్క పదమునకు అన్ని పెట్టెలలో ఒకే అర్థము లేదు. సైనాలజీ సంస్థ పెట్టెలలో మీటను సుమారు నాలుగు సెకండ్లు నొక్కిపట్టినచో నిర్వాహకుని సంకేతపదము, నెట్‌వర్కు అమరికలు మాత్రము మొదటి స్థితికి వచ్చును. దాచిన ఫైళ్లు చెక్కు చెదరవు. మరికొన్ని పెట్టెలలో కర్మాగార స్థితికి మరలించుట అనగా సమస్తమును తుడిచివేయుట. ఒకే మాట ఒకచోట ఔషధము, మరియొకచోట విషము.

ఇది ఊహ కాదనుటకు 2021 జూన్ నెలలో జరిగినదే సాక్ష్యము. వెస్టరన్ డిజిటల్ సంస్థవారి 'మై బుక్ లైవ్' అను పెట్టెల యజమానులు ఒకనాడు తమ పెట్టె తమ సంకేతపదమును అంగీకరింపకుండుటయు, లోపలి ఫైళ్లన్నియు మాయమగుటయు చూచిరి. ఎవరో దుర్మార్గులు ఇంటర్నెట్టు ద్వారా ఆ పెట్టెలను కర్మాగార స్థితికి మరలించిరి. ఆ ఆజ్ఞను ఇచ్చువాడు నిజమైన యజమానియేనా అని ప్రశ్నించు పంక్తులు ప్రోగ్రాములో ఉండియు పనిచేయకుండ నిలిపివేయబడియున్నవని పిమ్మట బయటపడినది. ఆ పెట్టెలకు 2015 తరువాత మరమ్మతు కూర్పులు రాలేదు. ఆ సంస్థ పెట్టెలను ఇంటర్నెట్టు నుండి తొలగింపుడని సలహా ఇచ్చి, పోయిన సమాచారమును వెలికితీయు సేవను తరువాత ప్రకటించినది. సర్వనాశనము చేయగల ఆజ్ఞను అతి తేలికగా చూచినచో ఏమగునో ఈ ఉదంతము చెప్పుచున్నది. నిర్మాతలే అంత తేలికగా చూచిన మీటను యజమాని భయభక్తులతో చూడవలెనని ఆశించుట న్యాయము కాదు.

మూడవ దోషము, పెట్టె మరణమును డిస్కుల మరణముగా భ్రమింపజేయుట. ప్రాసెసరు గాని విద్యుత్తునందించు భాగము గాని చెడినను డిస్కులలోని సమాచారము పదిలముగా ఉండవచ్చును. ఒక డిస్కే చెడినను మిగిలినవానినుండి దానిని పునర్నిర్మింపవచ్చును. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము, బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనువారు 'రెయిడ్' అను పేర వివరించిన ఏర్పాటు ఇదియే. మొదటి డిస్కులో 1011, రెండవదానిలో 0110 ఉన్నవనుకొనుడు. ఒక్కొక్క స్థానమున ఒకట్ల సంఖ్య సరి యైనచో 0, బేసి యైనచో 1 మూడవ డిస్కులో వ్రాయవలెను. అది 1101 అగును. ఇప్పుడు రెండవ డిస్కు పోయినను, 1011, 1101లకు అదే సూత్రమును వర్తింపజేసినచో 0110 మరల లభించును. ఈ సౌలభ్యము పనిచేయవలెనన్న ఏ డిస్కు ఏ స్థానమునందున్నదో గుర్తుండవలెను. క్రొత్త పెట్టె "డిస్కులను సిద్ధము చేయనా?" అని అడిగినపుడు 'సరే' అనరాదు. అట్లు సిద్ధము చేయుట అనగా ఉన్నది చెరిపివేయుట. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొనుట ఇట్టిదే.

ఈ పుటలయందు గుణము లేకపోలేదు. ఆపి వెలిగించుట చాలమారులు నిజముగానే పనిచేయును. చిక్కుపడిన ప్రోగ్రాము మొదటినుండి ఆరంభమగును. క్రొత్త చిరునామా లభించును. సామాన్య గృహస్థునకు ఇంతకుమించి చెప్పిన భారమగునను వాదమును తోసిపుచ్చదగినది కాదు. అయితే ఆపి వెలిగించుటతో మెమరీలో ఉన్న సాక్ష్యము నశించును. దోషము పోవును గాని కారణము తెలియదు. నెల తిరుగకముందే మరల వచ్చును. పెట్టె ఇంకను లోనికి రానిచ్చుచున్నచో, దినచర్య వంటి దాని లాగు పుటలను ముందు చదువుటకు పట్టునది ఐదు నిమిషములు.

సరియైన వరుస ఎట్లుండవలెను? ముందు చూచుట, పిదప వ్రాసికొనుట, ఆ పిదప తాకుట. మరియొక కంప్యూటరునుండి గాని ఫోనునుండి గాని పెట్టెను పిలిచి చూడవలెను. అది పలికినచో పెట్టె నిర్దోషి. సగము అనుమానములు ఒక్కమారుగా తొలగినవి. పలుకనిచో రౌటరు జాబితాలో పెట్టె పేరు ఉన్నదో లేదో చూడవలెను. ఉన్నచో చిరునామాయో, భాషయో తప్పినది. లేనిచో తీగను, దాని రంధ్రమును మార్చి చూడవలెను. ఇట్లు ప్రతి పరీక్షయు మిగిలిన అనుమానములను సగము చేయవలెను. పదునారు కారణములున్నను నాలుగు మంచి ప్రశ్నలతో ఒకటి మిగులును. ఎన్ని చూచినను తేలనప్పుడు, దీపముల తీరును, డిస్కుల వరుసను వ్రాసికొని, అప్పుడు మాత్రమే మీట జోలికి పోవలెను.

అన్నింటికంటె ముందు అడుగవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "ఈ సమాచారమునకు మరియొక ప్రతి వేరొకచోట ఉన్నదా?" రెయిడ్ ఈ ప్రశ్నకు సమాధానము కాదు. అది చెడిన డిస్కునుండి కాపాడును గాని తుడిచివేసిన ఆజ్ఞనుండి కాపాడదు; ఆజ్ఞ అన్ని డిస్కులమీదను ఒక్కసారే పనిచేయును. వేరొక ప్రతి ఉన్నవాడు ఏ ప్రయోగమైనను ధైర్యముగా చేయవచ్చును. లేనివాడు ఎంత చిన్న ప్రయోగమునకైనను జంకవలెను. ఈ ఒక్క వాక్యమును మొదటి పంక్తిగా అచ్చువేసిన చిన్న పుస్తకము, తక్కిన లోపములెన్ని ఉన్నను, మంచి పుస్తకమే యగును.

బడిలో కంప్యూటరు గది పనిచేయనినాడు ఉపాధ్యాయుడు ఆపి వెలిగించి పాఠము సాగింపవచ్చును. కాని ఆనాటి పాఠమే ఆ మౌనమైనచో, పిల్లలచేత కారణములు చెప్పించి, ఒక్కొక్క పరీక్ష ఏ కారణమును తొలగించునో నల్లబల్లపై వ్రాయించినచో, వారు నేర్చునది ఒక్క పెట్టె మరమ్మతు మాత్రమే కాదు. పలుకనిదానిని మరణించినదిగా ఎంచక, సాక్ష్యము చేతికి వచ్చువరకు చేయి ఆపుకొను అలవాటు ఏ ప్రయోగశాలలోనైనను అక్కరకు వచ్చును.