గంపను చూసి చేతిని చూడని చదువు: మంజీర తీరపు అల్లిక పని, తెలుగు సాహిత్య విమర్శ

కీలకపదాలు: ఎరుకల, మేదరి, అల్లిక, వృత్తిపదాలు, కురవంజి, బీర్కూర్

తెలుగు సాహిత్యంలో ఎరుకలసాని తలమీది గంపకు ఉన్న ప్రాచుర్యం దానిని అల్లిన చేతికి లేదు. వేంకటాచల మాహాత్మ్య కథలో శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం ధరించి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్తాడు, పద్మావతి పెళ్ళిని గురించి ఎరుక చెప్తాడు. తరిగొండ వెంగమాంబ (1730–1817) కావ్యం ద్వారా, హరికథల ద్వారా, వీధినాటకాల ద్వారా ఈ ఘట్టం తెలుగునేల అంతటా వ్యాపించింది. బీర్కూర్ మండలం తిమ్మాపూర్‌లోని వేంకటేశ్వరాలయాన్ని నేడు ‘తెలంగాణ తిరుమల’ అని వ్యవహరిస్తున్నారు. స్వామి కల్యాణకథ ఇంతగా పరిచయమైన ఆ నేలమీదనే ఒక ప్రశ్న వేయవలసి ఉంది. దేవుడు తలకెత్తుకున్న ఆ గంప దేనితో అల్లినది? కథకు ఈ ప్రశ్నతో పనిలేదు. అందులో గంప వేషానికి గుర్తు మాత్రమే. విమర్శకు కూడా పనిలేకపోవడమే ఆలోచించవలసిన విషయం.

కురవంజుల్లో సింగి, సింగడు ప్రధాన పాత్రలు. కురవంజి శబ్దాన్ని యక్షగాన ఆవిర్భావంతో కలిపి వేటూరి ప్రభాకరశాస్త్రి చర్చించారు. ఎస్వీ జోగారావు యక్షగాన వాఙ్మయ చరిత్రను సమగ్రంగా రచించారు. ఈ చర్చలో ప్రధానంగా నిలిచినవి నృత్యం, ఛందస్సు, ప్రదర్శన సంప్రదాయం. ప్రక్రియాచరిత్ర రాసేవారికి అవి చాలు. అందుకు వారిని తప్పుపట్టనవసరం లేదు. అయితే తరువాతి పరిశోధన ఆ ప్రక్రియాదృష్టినే సామాజికదృష్టిగా భావించింది. సింగి ఏమి చెప్పిందో నమోదైంది. సింగి ఏమి చేసి బతికిందో పక్కన పడింది.

ఈ పక్కకు నెట్టడం పేరులోనే మొదలవుతుంది. ‘ఎరుకల’ అనే పేరును ‘ఎరుక’తో, అంటే సోదె చెప్పడంతో, ముడిపెట్టడం పరిపాటి. కానీ ఆ సమాజంలోని శాఖల పేర్లు వేరే కథ చెప్తాయి. దబ్బ ఎరుకలవారు వెదురు దబ్బలు చీల్చి అల్లేవారు. కుంచె ఎరుకలవారు నేతగాళ్ళకు కుంచెలు కట్టేవారు. ఉప్పు ఎరుకలవారు ఉప్పు మోసి అమ్మేవారు. చేతిపనిని బట్టి, సరుకును బట్టి ఏర్పడిన పేర్లివి. థర్‌స్టన్ 1909లో, సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో వెలువరించిన కులవర్ణన గ్రంథాలు ఎరుకలవారికి చోటిచ్చాయి. కానీ పెళ్ళితంతు, కట్టుబాట్లు, నేరస్వభావమనే ఆరోపణ, ఇవే ఆ తరహా వర్ణనలకు ప్రధానవస్తువులు. సాహిత్యం సోదెను, పాలనాశాస్త్రం నేరాన్ని పట్టుకున్నాయి. రెంటి మధ్య గంప జారిపోయింది.

ఈ జారిపోవడం వల్ల జరిగిన నష్టం తెలియాలంటే ముడిసరుకు దగ్గరికి వెళ్ళాలి. అమెరికాలో అడవి ద్రాక్షతీగను సేకరించి బుట్టలల్లే అలవాటు ఉంది. మంజీర ఒడ్డున ఆ స్థానం వేరే మొక్కలది. కంచెలమీద పాకే దూసరితీగ పచ్చిగా ఉన్నప్పుడు ఎటు వంచితే అటు వంగుతుంది. దాని ఆకును నీళ్ళలో నలిపితే పెరుగులా గడ్డకడుతుందని పశువులకాపరి పిల్లలకు కూడా తెలుసు. వాగుల వెంట పెరిగే వావిలి, నరికిన కొద్దీ నిటారుగా కొత్త బరిగెలు వేస్తుంది. దాని ఆకును పురుగు పట్టకుండా ధాన్యంలో వేస్తారు. గుమ్మి అల్లడానికి కూడా వావిలి బరిగెలు పనికివస్తాయి. ఈత బరిగెలు, కంది కట్టె ఈ వరుసలోనివే. వీటిలో వేటినీ కొననక్కరలేదు. వెతకాలి, ఏ నెలలో కోయాలో తెలియాలి. నిజాంసాగర్ (1923–1931) నీటితో వరిసీమగా మారిన బీర్కూర్, బాన్సువాడ ప్రాంతానికి చాటలు, గంపలు, గుమ్ములు అలంకారాలు కావు. తూర్పారబట్టడానికి, మోయడానికి, నిలవచేయడానికి అవే సాధనాలు. గన్నీసంచి, ప్లాస్టిక్ తట్ట, కోతయంత్రం వచ్చిన తరువాత ఆ అవసరం ఒక్కొక్కటిగా తొలగింది.

అల్లికలోని తెలివిని గుర్తించడానికి ఒక్క ఉదాహరణ చాలు. అడుగున నిలువు పుల్లలను పరిచి, ఒకే తీగను ఒకదాని మీదుగా, తరువాతిదాని కిందుగా చుట్టూ తిప్పుకుంటూ పోతే, నిలువుపుల్లల సంఖ్య బేసి అయి తీరాలి. సరి అయితే రెండో చుట్టులో తీగ మొదటి చుట్టు దారినే పడుతుంది, అల్లిక బిగుసుకోదు. సరిసంఖ్య పెట్టుకున్నవారు రెండు తీగలను మెలివేసి నడిపిస్తారు. బడికి వెళ్ళని చేతిలో ఉన్న ఈ లెక్కను ‘ఎరుక’ అనడానికి అభ్యంతరమేమిటి? వెదురులో ఈ తెలివి ఇంకో రూపంలో ఉంటుంది. పైపొర గట్టిది, లోపలిపొర మెత్తనిది. ఏ పొర అంచుకు, ఏ పొర అడుగుకు అన్నది చీల్చేటప్పుడే నిర్ణయమవుతుంది. ధాన్యం గింజ జారని బిగువు చాటకు కావాలి, గాలి ఆడే వెలితి కోళ్ళగంపకు కావాలి. ఒకే చేయి రెండు వ్యాకరణాలను పాటిస్తుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. పదాన్ని పుస్తకం నుంచి కాక పనివారి నోటి నుంచి సేకరించాలన్న ఆ పద్ధతి తెలుగు భాషాశాస్త్రానికి గొప్ప దన్ను. కానీ రైతు నోట ‘గంప’ ఒక పనిముట్టు. అల్లేవారి నోట అదే గంప అడుగు, నిలువు, చుట్టు, అంచు, ముడి అని విడిపోతుంది. వాడేవారి మాటను సేకరించినంత మాత్రాన చేసేవారి మాట దొరకదు. ఎరుకలవారి విషయంలో ఇంకొక చిక్కు ఉంది. వారి ఇంటిభాష తెలుగు కాదు, తమిళానికి సన్నిహితమైన, లిపిలేని ద్రావిడ భాష. అల్లేటప్పుడు వారిలో వారు మాట్లాడుకునే పదాలను తెలుగు ప్రశ్నావళితో రాబట్టడం సగం పని మాత్రమే.

బతుకమ్మ ఇందుకు దగ్గరి నిదర్శనం. తంగేడు, గునుగు, కట్ల పూలను గురించి తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఆ పూలను పేర్చేది చాలాచోట్ల సిబ్బిమీద. పువ్వు వాడి నీళ్ళలో కలుస్తుంది, సిబ్బి ఇంటికి తిరిగివస్తుంది. పాటకు పూలే వస్తువు కావడం సహజం; పరిశోధకుడు కూడా పూల దగ్గరే ఆగిపోవడం సహజం కాదు.

దీనిని కేవలం పదాల నష్టంగా చూస్తే పొరపాటు. ముడిసరుకును వెతికి తెచ్చే వృత్తికి తిరుగుడే ప్రాణం. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో నేరస్థ తెగల చట్టం (1871, మద్రాసు రాష్ట్రానికి 1911లో విస్తరణ) ఎరుకలవారి తిరుగుడునే నేరంగా మార్చింది. హాజరు, అనుమతిచీటీ లేనిదే ఊరు దాటడానికి వీల్లేని మనిషి దూసరితీగకు ఎక్కడికి పోతాడు? ఆ చట్టం 1952లో రద్దయింది. తెలంగాణ ప్రాంతంలో ఎరుకలవారికి షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1977లో లభించింది. 1927 అటవీచట్టం వెదురును చెట్టుగా పరిగణించింది. అటవేతర భూముల్లోని వెదురుకు ఆ నిర్వచనం నుంచి 2017లో గాని మినహాయింపు దొరకలేదు. 2006 అటవీహక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. అయితే అడవిమీద ఆధారపడిన షెడ్యూల్డ్ తెగలవారు 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి అక్కడ ఉన్నట్లు చూపితే సరిపోతుంది. తెగల జాబితాలో లేని మేదరివారు మూడు తరాల, అంటే 75 ఏళ్ళ నివాసాన్ని నిరూపించాలి. ఒకే పొద నుంచి బరిగె కోసే ఇద్దరికి చట్టం ముందు రెండు చరిత్రలు కావలసి వచ్చాయి. ఆ చరిత్రను రాసిపెట్టినవారు లేనప్పుడు రుజువు ఎక్కడి నుంచి వస్తుంది? సాహిత్యం, జానపద సేకరణ, వృత్తికథనం ఇక్కడ సాక్ష్యపు విలువ సంతరించుకుంటాయి. తెలుగు విభాగాల ఉదాసీనతను క్షమించడం ఈ చోట కష్టం.

వేరే దారి లేకపోలేదు. బీర్కూర్‌కు ఎగువన మంజీర ప్రవహించే బీదర్ జిల్లాలోనే బసవకల్యాణం ఉంది. అక్కడి 12వ శతాబ్ది శరణుల్లో మేదర కేతయ్య ‘గవరేశ్వర’ అంకితంతో వచనాలు చెప్పాడు. కన్నడ సాహిత్యచరిత్రలో బుట్టలల్లేవాడు వర్ణితుడు కాదు, కర్త. తెలుగు పాఠ్యప్రణాళికలు నిలబెట్టిన ప్రాచీన కవుల వరుసలో అలాంటి స్వరం వినిపించదు. ఆధునిక కాలంలో పలమనేరు బాలాజీ ‘ఏకలవ్య కాలనీ’ ఎరుకల జీవితాన్నే వస్తువుగా తీసుకుంది. దాని మీద వచ్చే విమర్శ అస్తిత్వమనే ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, పాత్రల చేతుల్లో ఏమున్నదో కూడా అడగాలి.

మంజీర తీరానికి అలాంటి పుస్తకం ఇంకా కావాలి. దానికన్నా ముందు జరగవలసిన పని చిన్నది. పరిశోధకుడు శబ్దగ్రహణ యంత్రంతో పాటు ఒక కత్తి తీసుకుని, వాన వెలిసిన తరువాత అల్లేవారి వెంట వాగు దాకా నడవాలి. ఏ తీగను కోశారో, దేనిని వదిలేశారో, ఆ వదిలేసిన దానికి వారి భాషలో ఏమి పేరుందో రాసుకోవాలి.