కార్డు మీదకి రాని కులం

మార్కెట్ పరిశోధకులు ‘జనం ఇష్టం’ అని ఒక మాట తరచూ వాడతారు. ఆ ఇష్టాన్ని కొలిచే పద్ధతుల్లో గట్టిది ఛాయిస్ బేస్డ్ కన్‌జాయింట్ ఎనాలిసిస్. 1971లో పాల్ గ్రీన్, విఠల రావు కన్‌జాయింట్‌ని మార్కెటింగ్‌లోకి తెచ్చారు. 1974లో మెక్‌ఫాడెన్ ఎంపికలకి గణితం కట్టాడు. దాని ఆసరాతో 1983లో లూవియర్, వుడ్‌వర్త్ ఎంపిక కార్డుల పద్ధతిని నిలబెట్టారు. ఈ కార్డులు పట్టుకుని పేటలకి వచ్చే విద్యార్థుల్లో మన పిల్లలూ ఉంటారు. కాబట్టి ఈ పద్ధతి మంచీచెడ్డా మనమే చూసుకోవాలి.

పద్ధతి కష్టమేమీ కాదు. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరే తీసుకుందాం. కార్డు మీద రెండు పంచెలు రాస్తారు. ఒకటి సన్ననూలుది, ఖరీదు. రెండోది ముతక, చవక. చివర్లో ‘ఏదీ వద్దు’ అని ఉంటుంది. ఏది కొంటావో చెప్పమంటారు. ధర, నూలు, అంచు మార్చి మార్చి ఇలా అనేక కార్డులు చూపిస్తారు. ఆ జవాబుల్లోంచి ఏ లక్షణానికి ఎంత విలువ ఇచ్చారో లెక్క కడతారు. నేరుగా అడిగితే అన్నీ ముఖ్యమే అంటాం. ఇక్కడ ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. మొహమాటానికి దాచుకున్నది కూడా అందులో బయటపడొచ్చు. ఈ బలాన్ని కాదనలేం.

కానీ కార్డు రాసిందెవరు? కార్డు మీద లేనిదాని విలువ ఈ లెక్కలో తేలదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, రాట్నం మీద వడికే ఆడవాళ్ల కూలి ఎంతో రాయకపోతే, కొనేవాడికి ఆ కూలి పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది? తెలుగునాట మాలలు ముతకబట్ట నేసేవారని 1909 నాటి థర్‌స్టన్ గ్రంథమే చెబుతుంది. పొందూరు సన్న ఖద్దరుకి పేరు దక్కింది. మాలనేతని కార్డు మీద రాయాలన్న తలపైనా ఎవరికి వస్తుంది? అది ఓడిపోలేదు, దాన్ని అసలు పోటీకే పిలవలేదు.

సరే, కులాన్ని కూడా కార్డెక్కిద్దామా? విజయనగరం బజార్లో పళ్లమ్మే రెల్లి స్త్రీని తలుచుకోండి. అదే మామిడిపండు, అదే ధర. అమ్మే మనిషి కులం మార్చి రాస్తే ఎంపిక మారుతుందా? అడగాల్సిన ప్రశ్నే. ఉద్యోగాల విషయంలో ఇలాంటిదే థోరాట్, అటెవెల్ చేసి 2007లో ప్రకటించారు. సమాన అర్హతలతో, పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకి 4,808 దరఖాస్తులు పంపారు. పిలుపు వచ్చే అవకాశం పై కులాల హిందూ పేరుకి 1 అనుకుంటే, దళిత పేరుకి 0.67గా తేలింది. అది కన్‌జాయింట్ కాదు. లక్షణాలు మార్చి ఫలితం చూడటం మాత్రం రెండింట్లోనూ ఉంది.

చిక్కు ఆ తర్వాతే వస్తుంది. రెల్లి స్త్రీ దగ్గర కొనం అన్న జవాబుని రిపోర్టులో ‘వినియోగదారుల అభిరుచి’ అని రాస్తే, వ్యాపారి ఆమెని కౌంటర్ దగ్గర కూర్చోనిస్తాడా? అభిరుచి అన్న మాట వివక్షకి మంచిచొక్కా తొడుగుతుంది. ఈ అలవాటు కొత్తది కాదు. 1957లోనే గ్యారీ బెకర్ అర్థశాస్త్రంలో వివక్షని ఒక అభిరుచిగా లెక్కించాడు.

పదకొండు రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగిన సర్వే 2006లో పుస్తకంగా వచ్చింది. పాల సహకార సంఘాలున్న గ్రామాల్లో దాదాపు సగం చోట్ల దళితుల పాలు కొనడం లేదని అది చెప్పింది. పాలు క్యాన్‌లో కలిశాక కులం రుచి తెలుస్తుందా? దీన్ని ఇష్టం అందామా, రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసిన అంటరానితనం అందామా?

ఈ పద్ధతిని పారేయమనడం లేదు, మన చేతిలోకి తీసుకోమంటున్నాం. కార్డు మీద ఏ లక్షణాలుండాలో ముందు పేటలో కూర్చుని, అమ్మేవాళ్లనీ కొనేవాళ్లనీ అడిగి రాయండి. ‘ఏదీ వద్దు’ అన్నవాళ్లని ఎందుకని అడగండి. నచ్చక వద్దన్నారా, డబ్బుల్లేక వద్దన్నారా, ఆ కొట్లోకి రానివ్వరని వద్దన్నారా? లెక్కలో ఈ మూడూ ఒకే గడిలో పడతాయి, బతుకులో మూడూ వేరు. కులం వల్ల తేడా తేలితే దాన్ని అభిరుచి అని రాయకండి, వివక్ష అనే రాయండి.