రాత్రంతా నాననివ్వాలి

ఒహైయోలో ఇల్లు కొన్నప్పుడు పెరటి షెడ్డులోని పాత గార్డెన్ ట్రాక్టరు కూడా మాకే వచ్చింది. అమ్మినాయన దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. ఇంజను రెండో రోజుకే దగ్గుతూ లేచింది. నన్ను పద్దెనిమిది రోజులు కూర్చోబెట్టింది స్టీరింగు. చక్రం తిరుగుతుంది కానీ పైకి ఊడి రాదు. అది వస్తేగానీ డ్యాష్‌బోర్డు రాదు, డ్యాష్‌బోర్డు వస్తేగానీ అరిగిన బుష్షు మార్చలేం.

గార్డెన్ ట్రాక్టరంటే మన పొలాల్లో దుక్కి దున్నే బండి కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఊళ్ల అంచున, పెద్ద పెరళ్లతో ఇళ్లు లేచాయి. ఆ గడ్డి కొయ్యడానికి, చలికాలం మంచు తొయ్యడానికి, ఓ చిన్న మడి దున్నుకోవడానికి పుట్టిన బుల్లి బండి ఇది. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్‌లో వీల్ హార్స్, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి కబ్ క్యాడెట్, 1963లో జాన్ డీర్ 110. మొదటి కబ్ క్యాడెట్‌కి 7 హార్స్‌పవర్ కోలర్ ఇంజను, ఒకటే సిలిండరు. పోత ఇనుమూ మందపాటి రేకూ కాబట్టే, అరవై ఏళ్లు దాటినా వాటిని విప్పి బాగుచేసుకునే మనుషులు ఊరూరా ఉన్నారు. వాళ్ల మధ్య నలిగిన విద్యల్లో ఈ చక్రం ఊడదీయడం ఒకటి.

ముందు, దాన్ని ఏది పట్టుకుందో చూసుకోవాలి. కొన్నిటికి చక్రం బొడ్డులోంచి షాఫ్టుకి అడ్డంగా రోల్ పిన్ను ఉంటుంది. పెయింటు, గ్రీజు మట్టి గీకితేగానీ కనబడదు. పిన్ను తియ్యకుండా లాగేవాడు చక్రం విరగ్గొడతాడు, అంతే. కొన్నిటికి నడుమ మూత కింద నట్టు ఉంటుంది. నట్టు తీసినా చక్రం కదలదు. షాఫ్టు పైకి పోనుపోను సన్నబడుతుంది, దాని మీద పళ్లుంటాయి, బొడ్డు దాని మీద మేకులా దిగబడి ఉంటుంది. ఆ సందులోకి వాననీళ్లు చేరాయంటే తుప్పు, తాను తిన్న ఇనుముకు రెట్టింపుకు పైగా చోటు ఆక్రమిస్తుంది. నాది ఈ రకమే.

చిన్నప్పుడు మా ఊళ్లో ట్రాక్టరు మేస్త్రి బిగుసుకున్న నట్టు మీద కిరోసిన్ పోసి పానా పక్కన పెట్టేసేవాడు. "రాత్రికి తాగనియ్యి బాబూ, పొద్దున అదే వస్తది" అనేవాడు. ఇక్కడి పాతవాళ్లదీ అదే మాట, మందు వేరు: అసిటోన్, ట్రాన్స్‌మిషన్ ఆయిలు సగం సగం. అసిటోన్ పల్చన, సందుల్లోకి ఇట్టే పాకుతుంది, ఆయిల్ని వెంటేసుకుపోతుంది. అందరి ఇళ్లలో ఉండే డబ్ల్యూడీ-40 ఈ పనికి పుట్టింది కాదు. 1953లో శాన్ డియాగోలో తేమను తరిమికొట్టడానికి చేశారు, పేరులో నలభై అంటే నలభయ్యో ప్రయత్నమని. చుక్కలు పోయడం, మర్నాడు మళ్లీ పోయడం. విసుగొచ్చి సుత్తి తీసిన రోజే పని చెడుతుంది.

సుత్తికీ చోటుంది. నట్టు షాఫ్టు కొసతో సమానంగా వచ్చేదాకా తిరిగి ఎక్కించి, మోకాళ్లతో చక్రాన్ని పైకి ఎత్తిపట్టి, కొస మీద ఇత్తడి ముక్క పెట్టి కొడతారు. నట్టు లేకుండా కొడితే మరలు పుట్టగొడుగులా విచ్చుకుంటాయి. ఎంత కొట్టినా ఆ దెబ్బ కిందనున్న గేరు మోస్తుందని మాత్రం మరిచిపోకూడదు. అందుకే నా ఓటు పుల్లరుకే, కొక్కేలతో పట్టి పైకి లాగే పనిముట్టుకి. దాని కొక్కేలు చక్రం ఆకులకు తగిలిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బేరింగు కింద దూర్చే రెండు ముక్కల పలకను బొడ్డు కింద బిగించి దానికి తగిలించాలి. పుల్లరు నడిమి బోల్టు గట్టిగా బిగించి, దాని నెత్తిన ఒక్క దెబ్బ వేసి, పావు చుట్టు బిగించి వదిలెయ్యాలి. నట్టు మాత్రం రెండు మూడు మరల మీద వదులుగా ఉండాల్సిందే. చక్రం ఊడేటప్పుడు తుపాకీ పేలినట్టు ఊడుతుంది. నట్టు లేకపోతే పుల్లరుతో సహా మొహం మీదికే.

వేడి సంగతి. పాతిక మిల్లీమీటర్ల ఉక్కు రంధ్రం 100 డిగ్రీలు వేడెక్కితే 0.03 మిల్లీమీటరు విచ్చుకుంటుంది. తుప్పు పొర చిట్లడానికి అది చాలు, షాఫ్టు వేడెక్కేలోపు లాగగలిగితే. హీట్ గన్ను బొడ్డుకే పట్టాలి, ప్లాస్టిక్ కరగకుండా చుట్టూ తడిగుడ్డ వెయ్యాలి. అసిటోన్ పోసినచోట మంట పెట్టేవాడికి చెప్పేదేం లేదు. పక్కనే పెట్రోలు ట్యాంకు కూడా.

నేను గ్రైండరు తీసి బొడ్డు కోసేద్దామనుకున్న సాయంత్రం ఒకటుంది. పాత చక్రాలు దొరకడం కష్టం, దొరికినా ఎండకి నెర్రెలిచ్చి ఉంటాయి. పుల్లరు ఇంకో పావు చుట్టు బిగించి భోజనానికి వెళ్లిపోయాను. కంచం ముందు కూర్చున్నామో లేదో షెడ్డులో ఠాప్‌మని వినబడింది.

వెళ్లి చూస్తే చక్రం నట్టుకి ఆనుకుని అర అంగుళం పైకి లేచి ఉంది. షాఫ్టంతా ఇటుకపొడి లాంటి తుప్పు. చక్రం తిరగేస్తే బొడ్డు కింద మూడు ఉలి గాట్లు. నాకంటే ముందెవరో ప్రయత్నించి వదిలేశారు. గాట్లు ఆకురాయితో నున్నగా చేసి, పళ్లు వైరు బ్రష్షుతో తోమి, యాంటీ సీజ్ గ్రీజు పూసి ఎక్కించాను. నట్టు మరీ బిగించలేదు.